బందరు గుడ్డ అనుకున్నాను: కాలేజీ గ్యాలరీలో ఒక కేస్ స్టడీ

నేను కాలిఫోర్నియాలో ఒక కమ్యూనిటీ కాలేజీలో మ్యూజియం స్టడీస్ చెబుతాను. ఆ కాలేజీ ఆర్ట్ గ్యాలరీ చూసుకునేది కూడా నేనే. ఈ కేసులో మనుషుల ఆనవాళ్లు, కాలేజీ ఆనవాళ్లు తీసేశాను. గుడ్డ గురించిన సంగతులు మాత్రం ఉన్నవి ఉన్నట్టు రాశాను. ఇందులో పెద్ద తప్పు నాదే. దాన్నీ అలాగే ఉంచాను.

నేపథ్యం

కమ్యూనిటీ కాలేజీ అంటే రెండేళ్ల చదువు. ప్రవేశ పరీక్ష ఉండదు, ఎవరైనా చేరవచ్చు. కాలిఫోర్నియాలోనే ఇలాంటివి 116 ఉన్నాయి. నా క్లాసులో హైస్కూల్ ముగించి వచ్చిన పద్దెనిమిదేళ్ల పిల్లల పక్కనే, రాత్రి డ్యూటీ చేసి నిద్ర కళ్లతో వచ్చే నర్సు కూర్చుంటుంది. ఆవిడ వెనక బెంచీలో ఉద్యోగం నుంచి రిటైరైన పెద్దావిడ ఉంటుంది. వీళ్లలో మ్యూజియంలో ఉద్యోగం చెయ్యాలనుకునేవాళ్లు ముగ్గురో నలుగురో. మిగతావాళ్లు ఆసక్తి కొద్దీ వచ్చినవాళ్లు, లేదా ఆ టైమ్‌కి వేరే క్లాసు దొరకనివాళ్లు. అలాంటి క్లాసంటే నాకు ఇష్టం. ఈ కేసులో నన్ను కాపాడింది కూడా ఆ కలగలుపే.

సెమిస్టర్ 16 వారాలు. పన్నెండో వారంలో విద్యార్థులే ఒక ప్రదర్శన తెరవాలి. గోడలకు రంగు వెయ్యడం, లైట్లు తిప్పడం, వస్తువు ఏ స్థితిలో ఉందో రాసే కండిషన్ రిపోర్టులు, లేబుళ్లు అన్నీ వాళ్ల పనే. గ్యాలరీ అంటే ఒకటే హాలు, ఒక పక్క గోడంతా అద్దం. స్టోర్ రూమ్ ఒకప్పుడు చీపుళ్లు, బకెట్లు పెట్టుకున్న గది.

కాగితాల మీద మాకు పెద్ద కలెక్షనేమీ లేదు. కానీ యాభై అరవై ఏళ్లు నడిచిన ఏ కాలేజీలోనైనా వస్తువులు వాటంతటవే పోగవుతాయి. రిటైరైన టీచర్ల కుండలు, ఎవరో ఇచ్చి వెళ్లిన ప్రింట్లు, ఏదో ప్రదర్శనకని తెచ్చి తిరిగి ఇవ్వని బొమ్మలు ఉంటాయి. వాటిలో కొన్నింటికే కాగితాలు దొరుకుతాయి. దేనికైనా నంబరు గానీ, దానపత్రం గానీ, అప్పు తెచ్చిన ఫారం గానీ లేకపోతే మ్యూజియం వాళ్లు దాన్ని 'ఫౌండ్ ఇన్ కలెక్షన్' అంటారు. మా గదిలో దొరికింది, ఎలా వచ్చిందో తెలియదు అని అర్థం. ఆ సెమిస్టర్ ప్రదర్శన అలాంటి వస్తువుల మీదే పెట్టాం.

ఎదురైన సమస్య

పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో పదహారు మడతలు పెట్టిన నూలు గుడ్డ. దాదాపు ఎనిమిది అడుగుల పొడవు, అయిదున్నర అడుగుల వెడల్పు. మధ్యలో సరుగుడు లాంటి ఒక చెట్టు, దానికి అటూ ఇటూ నెమళ్లు, పైన కమాను, చుట్టూ నాలుగైదు వరసల అంచు. నల్ల గీతలు, ఇటుక ఎరుపు, వెలసిన నీలం, అక్కడక్కడా పసుపు. ఒక మూల గోధుమరంగు మరక. పెట్టె మీద మాస్కింగ్ టేప్ అతికించి, 'ఇండియన్ దుప్పటి, బాటిక్?' అని ఎవరో పెన్నుతో రాశారు. (బాటిక్ అంటే మైనం పూసి, రంగులో ముంచే అద్దకం.)

మా అమ్మమ్మది గూడూరు, బందరు కలంకారీ అద్దే పెడన పక్కనే. చిన్నప్పుడు సెలవులకు వెళ్తే బందరు రోడ్డు మీద గుడ్డలు ఆరేసి ఉండటం చూసినదాన్ని. పెట్టె తెరిచి రెండు మడతలు విప్పానో లేదో, నోట్లోంచి మాట వచ్చేసింది. "ఇది బాటిక్ కాదు. కలంకారీ. మా బందరుది."

పదిహేడు మంది విద్యార్థులూ రాసుకున్నారు.

అప్పటికి నాకు కనిపించిన సమస్యలు రెండు. కాగితాలు లేని వస్తువును జనం ముందు పెట్టవచ్చా అనేది ఒకటి. ఇంత బలహీనంగా ఉన్న గుడ్డను పాడవకుండా ఎలా చూపించాలి అనేది రెండోది. అసలు ఇదేమిటి అనే మూడో ప్రశ్న నాకు ప్రశ్నలాగే కనిపించలేదు. మొదటి రెండింటి మీద మూడు వారాలు కూర్చున్నాం. మూడోది రెండు నిమిషాల్లో తేలిపోయింది.

కాగితాలు లేనిదాన్ని చూపించవచ్చా

క్లాసు రెండుగా చీలిపోయింది. ఎవరిదో తెలియనిది మనదిగా చూపించకూడదని ఒక వర్గం. చూపించకపోతే అసలు మనిషి ఎప్పటికీ దొరకడని రెండో వర్గం. రెండో వాదనలో బలం ఉంది. పెట్టెలో ఉన్న గుడ్డను ఎవరూ గుర్తుపట్టలేరు.

కాలిఫోర్నియా సివిల్ కోడ్‌లో 1899 నుంచి మొదలయ్యే సెక్షన్లు, మ్యూజియంలకు అప్పిచ్చి ఏళ్ల తరబడి తీసుకెళ్లని వస్తువుల గురించే ఉన్నాయి. ఒక విద్యార్థి దాన్ని పట్టుకొచ్చి, "అయితే ఇక మనదే కదా" అన్నాడు. నేను ఆగమన్నాను. ఆ సెక్షన్లు అప్పు తెచ్చిన వస్తువులకు. ఇది అప్పో, దానమో, ఎవరైనా మరిచిపోయిందో మనకు తెలియదు. తెలియనప్పుడు అనుకూలమైన గడిలో పడేసుకోవడం సులువే. (సరిగ్గా అదే పని ఇంకో విషయంలో నేను చేసేశానని అప్పటికి నాకు తెలియదు.) కాలేజీ లీగల్ వాళ్లను అడిగితే ఒక్క వాక్యంలో జవాబు వచ్చింది: ఉంచుకోండి, అమ్మకండి.

చివరికి చూపిద్దామనే నిర్ణయించాం, కొన్ని హద్దులు పెట్టుకుని. దానికి తాత్కాలిక నంబరే ఇస్తాం. కలెక్షన్‌లో చేర్చినట్టు ఎక్కడా రాయం. బయటి ప్రదర్శనలకు పంపం. తిరిగి విప్పలేని కుట్టు గానీ, జిగురు గానీ, ఉతకడం గానీ చెయ్యం. రేపు సొంతదారు వచ్చి నిలబడితే, దొరికినది దొరికినట్టే చేతికివ్వగలగాలి.

ఎలా చూపించాలి

ఇక్కడ కొంచెం రంగుల సంగతి చెప్పాలి. కలంకారీలో నలుపు ఇనుముతో వస్తుంది. తుప్పు ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి ఊరబెట్టి కసిం తీస్తారు. కరక్కాయ పట్టించిన గుడ్డ మీద కసిం పడగానే నల్లబడుతుంది. చూడటానికి ఎంత గట్టి నలుపో, నూలుకు అంత చేటు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ ఇనుమూ, ఆమ్లమూ కలిసి దారాన్ని తినేస్తాయి. పాత గుడ్డల్లో ఎరుపు ఉన్న చోట గుడ్డ మెత్తగానే ఉంటుంది, నల్ల గీత ఉన్న చోట కాగితంలా విరుగుతుంది. మా గుడ్డలో మడత, నల్ల గీత కలిసిన ప్రతిచోటా చిన్న చిన్న చీలికలున్నాయి. భూతద్దంతో లెక్కపెట్టిన విద్యార్థి నలభై దాటాక ఆపేశాడు.

మామూలుగా అయితే పైఅంచు వెనక నూలు పట్టీ మీద వెల్‌క్రో కుట్టి గోడకు వేలాడదీస్తాం. క్లాసులో ఎక్కువమంది అదే కావాలన్నారు. చెట్టు నిలబడి కనిపిస్తే బావుంటుందని. కానీ వేలాడే గుడ్డ తన బరువును తానే మొయ్యాలి. ఆ బరువు ముందు పడేది బలం లేని నల్ల గీతల మీదే. అందుకని ఇరవై డిగ్రీల వాలు బల్ల చేశాం. చెక్కలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి గుడ్డకు తగలకుండా అల్యూమినియం పొర ఉన్న షీటు తొడిగాం. దాని మీద ఉతికిన తెల్ల నూలుబట్ట పరిచి, ఆ పైన గుడ్డ పెట్టాం. మేకులూ లేవు, కుట్లూ లేవు. నూలుబట్ట గరుకే దాన్ని జారకుండా పట్టుకుంది.

వెలుతురు గురించి ఎంత చెప్పినా పిల్లలకు ఎక్కదు, లెక్క వేయిస్తే ఎక్కుతుంది. బట్టలకు మ్యూజియంలు పెట్టుకున్న హద్దు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). మా ప్రదర్శన రోజుకు 6 గంటలు, వారానికి 4 రోజులు, 5 వారాలు. అంటే 6,000 లక్స్ గంటలు. అద్దం గోడ పక్కన మీటరు పెడితే 600 లక్స్ చూపించింది. అదే లెక్కన అక్కడ 72,000. అంటే అయిదు వారాల్లో అరవై వారాల వెలుతురు తాగేస్తుంది, గ్యాలరీకి తాళం వేసిన గంటల ఎండ కలపకుండానే. ఒకసారి వెలిసిన రంగు చీకట్లో పెడితే తిరిగి రాదు. బోర్డు మీద ఆ రెండు అంకెలు పక్కపక్కన రాశాక లోపలి గోడ దగ్గరే పెట్టాలని ఎవరికీ చెప్పనవసరం రాలేదు.

ఈ రెండు నిర్ణయాలూ ఈ రోజుకీ సరైనవే అనుకుంటాను. ప్రతిదానికీ కారణం అడిగాం, ఎదురు వాదన విన్నాం. మూడో విషయంలో అవేవీ జరగలేదు.

చెడిపోయిన చోటు

నాలుగో వారంలో రిటైరైన పెద్దావిడ నా దగ్గరికి వచ్చింది. ఆవిడ ముప్ఫై ఏళ్లుగా క్విల్టులు, అంటే గుడ్డ ముక్కలు కలిపి చేసే బొంతలు, కుడుతున్న మనిషి. గుడ్డ మీద పారదర్శకమైన పాలియెస్టర్ షీటు పరిచి, అంచులో ఒక ఆకును గీసుకుంది. ఆ ఆకు కొన దగ్గర చిన్న నొక్కు ఉంది. షీటును జరుపుతూ పోతే ప్రతి తొమ్మిది అంగుళాలకూ అదే ఆకు, అదే నొక్కు. "ప్రొఫెసర్, ఇది చేత్తో గీసింది కాదు. అచ్చు వేసింది."

నాకు సంతోషం ఆగలేదు. "నేను చెప్పింది అదేగా! కలం పట్టి గీసేది శ్రీకాళహస్తి పద్ధతి, అచ్చులతో అద్దేది బందరు పద్ధతి" అని, రెండింటి తేడా మీద అరగంట క్లాసు చెప్పాను. చెప్పినదంతా నిజమే.

ఆరో వారంలో ఇంకో అమ్మాయి వచ్చింది. చిన్నప్పుడు ఇరాన్ నుంచి తల్లిదండ్రులతో వచ్చిన పిల్ల. క్లాసులో పెద్దగా నోరు విప్పదు. అంచు మూలలో రంగు చెదిరి అలుక్కుపోయిన చిన్న ముద్ర చూపించి, "ఇందులో ఫార్సీ అక్షరాలున్నాయి" అంది. నేను వెంటనే గోల్కొండ కథ ఎత్తుకున్నాను. కుతుబ్‌షాహీల కొలువులో ఫార్సీ నడిచేది. వాళ్ల రేవు మచిలీపట్నం. అక్కడి నుంచి పర్షియాకు ఓడల మీద గుడ్డలు పోయేవి. వాళ్ల అభిరుచికి తగ్గట్టు సరుగుడులా కనిపించే సైప్రస్ చెట్లు, కమానులు, నెమళ్లు వేసేవాళ్లు. అసలు కలంకారీ అన్న మాటే ఫార్సీ మాట. మనవాళ్లు అద్దకం అనీ, వ్రాతపని అనీ అనేవాళ్లు. కాబట్టి ఫార్సీ అక్షరాలు ఉండటంలో వింతేం లేదు.

ఇదీ నిజమే. ప్రతి వాక్యమూ నిజమే. కానీ ఈ గుడ్డ బందరుదని చెప్పడానికి అందులో ఒక్క ముక్కా ఆధారం కాదు. బందరుది కాదనడానికి పనికొచ్చే ఆధారాన్ని కూడా బందరుదే అనడానికి వాడేశాను. ఆ అమ్మాయి "ఓకే" అని, రాసుకుని వెళ్లిపోయింది. ఈ కేసులో నన్ను ఇప్పటికీ గుచ్చేది ఆ "ఓకే".

ఈలోగా పని ముందుకు పోయింది. లేబుల్ ప్రింటైంది: 'కలంకారీ, మచిలీపట్నం, దక్షిణ భారతదేశం, 19వ శతాబ్దం'. పందొమ్మిదో శతాబ్దం ఎందుకంటే రంగులు వెలిసిపోయాయి కదా అని. వెలవడానికి వందేళ్లు అక్కర్లేదు, ఎండ తగిలే కిటికీ పక్కన కొన్నేళ్లు చాలు. లక్స్ లెక్క బోర్డు మీద వేయించిన మనిషినే ఈ మాటా ఒప్పేసుకున్నాను. అంతటితో ఆగలేదు. స్థానిక తెలుగు సంఘం వాళ్లకు ఫోన్ చేసి, మా గ్యాలరీలో మన బందరు కలంకారీ పెడుతున్నాం రండి అని చెప్పేశాను. పెద్దవాళ్లు మురిసిపోయారు. ఒకాయన, "ఇంత దూరంలో మన ఊరి గుడ్డ, నువ్వుండబట్టి తెలిసిందమ్మా" అన్నారు.

తొమ్మిదో వారం ఆ ఇరానీ అమ్మాయి ఫోన్‌లో ఒక ఫోటో చూపించింది. వాళ్ల నానమ్మ ఇంట్లో భోజనాల బల్ల మీద పరిచిన గుడ్డ. అదే చెట్టు, అవే నెమళ్లు, అంచులో అదే వరస. మా గుడ్డ ముద్రను పెద్దది చేసి నానమ్మకు పంపితే ఆవిడ చదివి చెప్పిందట: ఒక కార్ఖానా పేరు, దాని కింద 'ఇస్ఫహాన్', ఇరాన్‌లోని ఊరు. ఆ కార్ఖానా పేరు ఇక్కడ రాయను. "మా దగ్గర దీన్ని ఘలంకార్ అంటారు. చాలా ఇళ్లలో ఉంటుంది. నేను ఆ రోజే చెబుదామనుకున్నాను. కానీ మీరు అక్కడివారు కదా, మీకే తెలుస్తుందనుకున్నాను" అంది.

ఆ సాయంత్రం అందరం కలిసి గుడ్డను మొదటిసారి తిరగేశాం. తొమ్మిది వారాలు వెనక వైపు చూడలేదా అంటే, చూడలేదు. గుడ్డ నలిగిపోతుందని తక్కువసార్లు ముట్టుకోవాలనుకున్నాం. పైగా మా కండిషన్ రిపోర్ట్ ఫారం కుండలకూ, ఫ్రేము కట్టిన ప్రింట్లకూ తయారు చేసుకున్నది. 'వెనక వైపు' అనే గడే లేదు.

వెనక నలుపు, ఎరుపు బాగానే దిగాయి. నీలం, పసుపు పైపైనే ఉన్నాయి. మన తూర్పు తీరపు పాత కోరమాండల్ పద్ధతిలో నీలం అక్కర్లేని చోట మైనం పూసి, గుడ్డను నీలిమందు తొట్టిలో ముంచుతారు. అలా ముంచిన నీలం రెండు వైపులా పడుతుంది. ఇస్ఫహాన్‌లో ముందు నలుపు, ఎరుపు అచ్చులు వేసి, రాగి కాగుల్లో ఉడకబెట్టి, ఆ తర్వాత నీలం, పసుపు అచ్చులు పైన అద్దుతారు. వెనక వైపు ఒక్కటే చూసి తీర్పు చెప్పను. ఈ రోజుల్లో పెడనలోనూ అన్ని పద్ధతులూ కలిసిపోయాయి. కానీ ముద్ర, నానమ్మ బల్ల గుడ్డ, వెనక నీలం, ఈ మూడూ ఒకవైపు నిలబడ్డాయి. నావైపు నిలబడింది మా అమ్మమ్మ ఊరు ఒక్కటే.

సరిదిద్దుకున్న తీరు

మొదట అనుకున్నది లేబుల్ మార్చేసి ఊరుకుందామని. రెండు పంక్తుల పని. ప్రదర్శన ఇంకా తెరవలేదు, చూసినవాళ్లు లేరు. ఒక రాత్రి ఆలోచించాక అలా చెయ్యకూడదనిపించింది. పదిహేడు మంది నా మాట రాసుకున్నది నేను మ్యూజియం టీచర్ననే కాదు, తెలుగుదాన్నని కూడా. లేబుల్ మారిస్తే గుడ్డ పేరు సరి అవుతుంది, వాళ్లు నేర్చుకున్న పద్ధతి సరి కాదు. రేపు ఇరానీ అమ్మాయి మాటనూ అలాగే రాసుకుంటారు, ఆ అమ్మాయి ఇరానీ కాబట్టి.

అందుకే బోర్డు మీద మూడు గడులు గీశాను. మన కంటికి ఏం కనిపిస్తోంది? దాన్నిబట్టి ఏం ఊహిస్తున్నాం? ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు? మాస్కింగ్ టేప్ మీది రాత మూడో గడిలోకి పోయింది. నా 'బందరు' కూడా అక్కడికే పోయింది, 'చిన్నప్పటి జ్ఞాపకం' అనే కారణంతో. నానమ్మ మాట కూడా మూడో గడిలోనే పడింది. కాకపోతే ఆవిడకెలా తెలుసు అన్నచోట 'ముద్ర చదివింది' అని ఉంది. ముద్ర మొదటి గడిలో ఉంది. ఫార్సీ వచ్చిన ఇంకొకరెవరైనా దాన్ని చదివి సరిచూడవచ్చు. నిజంగానే లైబ్రరీలో పనిచేసే ఒకాయనతో చదివించాం, నానమ్మ ఏం చెప్పిందో ఆయనకు చెప్పకుండా. ఆయనా 'ఇస్ఫహాన్' అనే చదివాడు. కార్ఖానా పేరులో ఒక అక్షరం దగ్గర తడబడ్డాడు. అదీ రాసుకున్నాం.

కాలం విషయంలో ఒక కుర్రాడు చురుకైన వాదన తెచ్చాడు. 1987లో అమెరికా ఇరాన్ సరుకుల దిగుమతి నిషేధించింది, కాబట్టి గుడ్డ అంతకుముందే వచ్చి ఉండాలి. వినడానికి ముచ్చటగా ఉంది. కానీ ఒకరి పెట్టెలో కానుకగా రావచ్చు, మూడో దేశం మీదుగా రావచ్చు. దాన్ని రెండో గడిలో రాశాం. లేబుల్ మీదికి మాత్రం '20వ శతాబ్దం కావచ్చు' అన్న మాటే వెళ్లింది.

మా లేబుళ్లు 75 మాటలు దాటకూడదు. ఇది మూడు లేబుళ్లయింది. ముందు ఆ మాస్కింగ్ టేప్ ముక్క. దాని కింద నేను ఒప్పుకున్న లేబుల్, అడ్డంగా గీత కొట్టి. దాని కింద కొత్తది: 'ఘలంకార్ గుడ్డ. నూలు, అచ్చు అద్దకం. మూలలోని ముద్రను బట్టి ఇస్ఫహాన్, ఇరాన్. ఈ గుడ్డ మా కాలేజీకి ఎలా వచ్చిందో తెలియదు. మీకు తెలిస్తే చెప్పండి.' గీత కొట్టిన లేబుల్ అలాగే ఉంచాలన్నది క్విల్టుల ఆవిడ సలహా. నాకు మనసొప్పలేదు, సిగ్గనిపించింది. ఓటు పెట్టారు. ఓడిపోయాను.

తెలుగు సంఘం వాళ్లకు ఫోన్ చెయ్యడం అంతకన్నా కష్టమైంది. ఆ పెద్దాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనదే అని చెప్పి పిలిచి, ఇప్పుడు కాదంటే నలుగురికీ ఏం చెప్పనమ్మా?" అన్నారు. తప్పు నాదేనండీ అన్నాను. వాళ్లను ఊరడించడానికి కాదు గానీ, అప్పుడే ఒక ఆలోచన వచ్చింది. పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక గుడ్డ కావాలి, అదీ జనం చేత్తో తాకగలిగేది. ఇస్ఫహాన్ గుడ్డను ఎవరూ ముట్టుకోకూడదు. "మీ ఇంట్లో పెడన దుప్పటి ఏదైనా ఉందా?" అని అడిగాను. ఉంది. వాళ్లావిడ ఊరి నుంచి తెచ్చుకున్నది, నాలుగేళ్లు వాడినది. దానికి అప్పు ఫారం రాయించి, జనం తాకుతారు, నలుగుతుంది, రంగు మాయవచ్చు అని ముందే చెప్పి సంతకం తీసుకున్నాం.

తెరిచిన రోజు ఆయన వచ్చారు. దుప్పటి దగ్గర నిలబడి విద్యార్థులకు అచ్చు కలిసిన అతుకులు వేలితో చూపించారు. తర్వాత ఇస్ఫహాన్ గుడ్డ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూశారు. పక్కన నిలబడిన ఇరానీ అమ్మాయిని, "మీ దగ్గర ఏ నీళ్లలో ఉతుకుతారమ్మా?" అని అడిగారు. జాయందే రూద్ అని నది ఉంది, ఇప్పుడు ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండిపోయే ఉంటుందట అని ఆ అమ్మాయి చెప్పింది. "మాకూ కాలవలో నీళ్లు వదిలితేనే" అన్నారాయన. అచ్చులకు ఏ కర్ర వాడతారని ఆయన అడిగితే, వాళ్లది పియర్ చెట్టు కర్ర, మనది టేకు అని ఇద్దరూ లెక్కలు చూసుకున్నారు. నేను కల్పించుకోలేదు. ఆపాటికి అంతమాత్రం నేర్చుకున్నాను.

ఇప్పుడు మార్చుకున్నవి

క్లాసులో ఏ వస్తువు విప్పినా నా అభిప్రాయం ఆఖరున చెబుతాను, అదీ కాగితం మీద రాసి. అందరి కాగితాల్లో అదీ ఒకటి. ఇది అనుకున్నంత సులువు కాదు. తెలిసినట్టు అనిపించినప్పుడు నోరు మూసుకుని కూర్చోవడం తెలియనప్పటికన్నా కష్టం. ఒక పిల్ల తప్పు దారిలో పోతుంటే రెండు వారాలు చూస్తూ ఊరుకున్న సందర్భమూ ఉంది. దాంట్లో పిల్లకు జరిగిన మేలెంతో నాకింకా తేలలేదు. 16 వారాల సెమిస్టర్‌లో రెండు వారాలు తక్కువేం కాదు.

మార్కుల పద్ధతి కూడా మార్చాను. లేబుల్‌లో ప్రతి వాక్యం ఏ గడిలోంచి వచ్చిందో విద్యార్థి చూపించాలి. 'ప్రొఫెసర్ చెప్పారు' అంటే మార్కు రాదు.

ఫారంలో 'వెనక వైపు' గడి చేరింది. గుడ్డను తిరగేయడానికి నలుగురు, రెండు అట్టబోర్డులు, మధ్యలో పెట్టుకుని అందరూ కలిసి తిప్పడం అనేది ఇప్పుడు రెండో వారంలోనే నేర్పిస్తున్నాను. తక్కువ ముట్టుకోవాలన్నది మంచి నియమమే. కానీ చూడాల్సింది ఒకసారైనా పూర్తిగా చూసిన తర్వాతే అది వర్తిస్తుంది.

బయటివాళ్లను పిలవడం గురించి ఇంకా తేల్చుకోలేకపోతున్నాను. పరిశోధన తేలేదాకా ఎవరికీ చెప్పకూడదంటే, నానమ్మ లాంటివాళ్లు ఎప్పటికీ లోపలికి రారు. ముందే చెబితే ఆశలు పెట్టుకుంటారు. ప్రస్తుతానికి ప్రశ్నగానే పిలుస్తున్నాను: ఇదేమిటో చూసి పెడతారా అని. మనది అనే మాట పిలుపులో వాడటం మానేశాను.

గుడ్డ ఎలా వచ్చిందన్న ప్రశ్నకు జవాబు ప్రదర్శన ఆఖరి వారంలో సగం దొరికింది. ఎప్పుడో రిటైరైన ఒక ఉద్యోగిని, మనవరాలి చెయ్యి పట్టుకుని వచ్చింది. మూడు లేబుళ్లూ చదివి నవ్వింది. ఇది డిపార్ట్‌మెంట్ ఆఫీసులో కాఫీ బల్ల మీద పరిచి ఉండేదని, పుట్టినరోజులకు దీని మీదే కేకు కోసేవాళ్లమని చెప్పింది. తెచ్చినదెవరో మాత్రం ఆవిడకు గుర్తు లేదు. కండిషన్ రిపోర్టులో మా విద్యార్థి, 'గోధుమరంగు మరక, కారణం తెలియదు, వయసు వల్ల కావచ్చు' అని రాశాడు. పక్కన మూడో గడిలో చేర్చాం: కాఫీ, చెప్పినవారు బల్ల దగ్గర ఉన్నవారు.

గుడ్డ ఇప్పుడు ఆమ్లం లేని అట్ట గొట్టానికి చుట్టి, ఉతికిన మల్లుగుడ్డ కప్పి, అదే గదిలో ఉంది. నంబరు ఇంకా తాత్కాలికమే.